ఎర్ర చీటీ

ఓర్వకల్లు గుట్టల మీద ఎండ ఇంకా ఎక్కలేదు.
వ్యాను దించిపోయిన పెట్టెలు ఏడు.
ముందు పెట్టెనే చూస్తాను, సరుకును కాదు.
మూల నలిగిందా, తడి తగిలిందా,
టేపు ఒకసారి ఊడదీసి మళ్లీ అతికించారా.

తర్వాత కాగితం.
ఆ తర్వాతే కత్తెర.

రబ్బరు రింగులకు వయసుంటుంది.
పుట్టిన నెల సంచి మీద ముద్రేసి ఉంటుంది.
ఎంత నల్లగా నిగనిగలాడినా
గడువు దాటిందంటే ముసలిదే.
నా చేత్తోనే ముక్కలు కోసి పారేస్తాను,
మోటారుకైనా పనికొస్తాదని ఎవరో ఒకరు
ప్రతిసారీ అడుగుతారు.

ఇంజను మూతను రూపాయి బిళ్లతో తడతాను.
టక్కు. టక్కు. టక్కు.
ఎక్కడో ఒకచోట తప్పుమంటే
లోపల పొర విడినట్టు.
ఇది ట్రైనింగులోనూ చెప్పారు గానీ
నాకప్పటికే వచ్చు.
బేతంచెర్ల పాలిష్ ఫ్యాక్టరీలో
రెండు ఎండాకాలాలు బండలు ఏరినదాన్ని.
మేస్త్రీ మద్దిలేటి వేలి కణుపుతో కొట్టి
చెవి ఒగ్గేవాడు:
"మోగే బండ మోస్తాదమ్మే,
మూగబండ మోసం జేస్తాది."

ఈ పొద్దు తేడా ఐదో పెట్టెలో.
ప్రొపెల్లరు బోల్టులు, ఆరు.
కాగితం మీద చివరి అంకె మూడు.
లోహం మీద ఎనిమిది.
భూతద్దం పైటకొంగుతో తుడిచి మళ్లీ చూశాను.
ఎనిమిదే.

"ఏంది ముబీనా,
ఎనిమిదిని సగం చెరిపితే మూడే గదా"
అన్నాడు స్టోర్సు ఓబులేసు.
బయట రెక్క నీడలో
లైసెన్సుకు ఇంకా పదకొండు గంటలు ఎగరాల్సిన
నంద్యాల పిల్లోడు
హెడ్‌సెట్ మెడకేసుకుని గడియారం చూసుకుంటున్నాడు.

ఎర్ర చీటీ కట్టాను.
జాలీ అలమారలో పెట్టి తాళం తిప్పాను.
క్యాంటీనులో నా బల్ల దగ్గర ఎవరూ కూర్చోలేదు.
ఉగ్గాని చల్లారిపోయింది, బజ్జీ మాత్రం తిన్నాను.

తొమ్మిదో రోజు ఉత్తరం వచ్చింది.
టైపు కొట్టినోళ్ల తప్పట.
బోల్టులు మంచివేనట.
ఓబులేసు పైకి చదివాడు, రెండుసార్లు.
అందరూ నవ్వారు. నేనూ కొంచెం.

మంచివే.
కానీ ఆ తొమ్మిది రోజులూ
ఆ సంగతి ఎవరికి తెలుసు?
ఇనుముకు తెలుసేమో.
అది నాతో చెప్పలేదు.

కొత్త కాగితం ముందు పెట్టుకుని
ఆరింటినీ మొదటి నుంచి చూశాను,
మరలు, తల, మెడ కింద వంపు,
ఎనిమిది, ఎనిమిది, ఎనిమిది.
పచ్చ చీటీ రాశాను.
సంతకం కింద తేదీ.

మర్నాడు సాయంత్రం పిల్లోడు ఒక్కడే లేచాడు.
ఇంటికి పోయే బస్సు వదిలేసి
షెడ్డు గుమ్మంలో నిలబడ్డాను, టిఫిన్ డబ్బా చేత్తో.
గుట్టలు దాటి తిరిగొచ్చేదాకా
ఆ చప్పుడునే విన్నాను,
మేస్త్రీ బండను విన్నట్టు.

మోగుతోంది.
మోగుతోందా?
మోగుతోంది.