అయిదడుగుల లోతు

ఏడు అడుగులు, ఆరు, అయిదున్నర...
లోతు మీటరులో అంకెలు దిగిపోతుంటే
డెల్ఫీన్ చూస్తూనే ఉంది, చెప్పలేదు.

జార్జియా బురద
మెత్తగా పట్టేసుకుంది పడవని.
తెరచాప ఒకసారి తపతపలాడి ఊరుకుంది.

రేడియో వైపు వెళ్లిన రాస్కో చెయ్యి
కాఫీ ఫ్లాస్కు మీదికి మళ్లింది.
"పోటు రావాలంటే ఆరు గంటలు."
"రానీ."

గడ్డి మొదళ్లలో ఆల్చిప్పలు చిటపటమంటున్నాయి.
ఎత్తుడు వంతెన దాటి, మలుపు తిరిగితే, ఇల్లు.
రేవులో చెక్కు పట్టుకుని నిలబడి ఉంటాడు
పడవ కొనుక్కున్నవాడు.

ఒరిగిపోయిన పడక మీద
ఇద్దరూ ఒకే వైపుకి జారారు.
అతని మోచెయ్యి ఆమె పక్కటెముకల్లో.
"లావయ్యావు" అంది.

చీకట్లో ఎప్పుడో
పడవ తనంతట తానే నిటారుగా లేచింది.
ఇద్దరికీ తెలిసింది.
ఎవరూ కదల్లేదు.