రెండు సెకన్ల ఆవిరి

మెట్ల కింద, గ్యాస్ సిలిండరు పక్కన,
బూట్ల పెట్టె మీద కూర్చుంది మా సర్వర్.
రేవులో క్రేన్ల ఆఫీసు పారేస్తుంటే
కొండెక్కే తాళ్ల రైల్లో ఒళ్లో పెట్టుకుని
నేను తెచ్చుకున్న పాత కంప్యూటరు.
వాల్పరైసోలో గాలి రేకు గోడల్ని వాయించే రాత్రి
దాని ఫ్యాను గోల ఎవరికీ పట్టదు.

కింద హాల్లో టీవీకి ఏ బాధా లేదు.
పద్నాలుగు భాగాల పాత పోలీసు సీరియల్,
చెక్ భాషలో మాటలు, అడుగున స్పానిష్ అక్షరాలు,
నల్లేరు మీద బండిలా సాగిపోతుంది.
ఇంట గెలిచింది సరే,
పై గదిలో నేలిదా వదిన ఫోను దగ్గర
రచ్చ గెలవలేకపోయింది.
ఒక గుండ్రటి గీత తిరిగి తిరిగి
నాలుగు సెకన్ల బొమ్మ కక్కి
మళ్లీ తిరుగుతుంది.

మొదట వైఫైని తిట్టాను.
రౌటర్ని మెట్ల మలుపులో మేకుకు తగిలించాను.
యాప్ తీసేసి మళ్లీ పెట్టాను.
నాణ్యత తగ్గిస్తే ఇన్‌స్పెక్టరు మొహం
ఉడికిన బంగాళాదుంప అయింది,
చక్రం మాత్రం ఆగలేదు.
"లాగ్ చదివావా మామా?"
ఆదివారం భోజనానికొచ్చిన అనీబాల్ అడిగాడు.
చదవలేదు.
నాడి చూడకుండా నెల రోజులు కషాయాలు పోశాను.

లాగ్‌లో ఉంది తిరకాసు.
ఆ స్పానిష్ అక్షరాలు అక్షరాలు కావు,
అక్షరాల ఫోటోలు.
వాటిని విడిగా చూపించడం ఫోనుకు రాదు.
అందుకని సర్వర్ ప్రతి ఫ్రేము మీదా
వాటిని పచ్చబొట్టులా పొడిచి
బొమ్మంతా కొత్తగా వండి పైకి పంపాలి.
పదమూడేళ్ల ప్రాసెసరు. తొంభై ఆరు డిగ్రీల సెగ.

"సబ్‌టైటిల్స్ ఆపెయ్, పరుగెత్తుతుంది."
ఆపాం. పరుగెత్తింది.
వదిన మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.
పుట్టి అరవై రెండేళ్లయినా
ఆమె చెవుల్లోకి ఒక్క చప్పుడూ పోలేదు.
చెక్ అయినా స్పానిష్ అయినా
అడుగున రాసుంటేనే ఆమెకు మాట.
అనీబాల్ చెవులు ఎర్రబడ్డాయి.

ఫోటోల్ని అక్షరాలుగా మార్చే ప్రోగ్రాం ఉందట.
అది ఒకటి అంకెనీ ఎల్ అక్షరాన్నీ కవలలనుకుంది.
చివరికి చేత్తోనే మొదలెట్టాను,
షిఫ్టు దిగి వచ్చాక, రాత్రికి నలభై వాక్యాలు,
ఎక్కడ పుట్టాలి, ఎక్కడ పోవాలి,
సెకన్లు, సెకనులో వెయ్యో వంతులు.

మూడో రాత్రి, ఎందుకో,
డిస్కులో లేని మాట ఒకటి కొట్టాను:
దూరంగా కుక్క మొరుగుతోంది.
ఇక ఆగలేదు.
కంకర మీద బూట్లు.
గోడ అవతల ఎవరో పియానో నేర్చుకుంటున్నారు,
అదే చోట అదే తప్పు.
కెటిల్ కూత.
రెండుసార్లు చూసిన సీరియలే,
రాసేదాకా ఇవేవీ వినలేదు నేను.

శుక్రవారం మొదటి భాగం ఎక్కించాను.
వండే పనే లేదు, ఉన్నదున్నట్టు అందించడమే.
ఫ్యాను ఒకసారి మూలిగి ఊరుకుంది.
యాభై నిమిషాలు మెట్ల మీదే కూర్చున్నాను
పరీక్ష రాసిన పిల్లాడిలా.

వదిన దిగి వచ్చింది.
మెచ్చుకుంటుందనుకున్నాను.
ఫోను నా మొహం ముందు పెట్టి,
వేలితో వెనక్కి జరిపి,
వంటింటి దృశ్యం దగ్గర ఆపింది.
నాకు సైగలు అరకొరే కాబట్టి
నిదానంగా, విడివిడిగా, చేతులతో చెప్పింది:
ఆవిరి ముందు వస్తోంది.
నువ్వు రాసిన కూత
రెండు సెకన్లు ఆలస్యం.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూశాను.
నిజమే.