మిగిలింది నాలుగు

సెమీఫైనల్ మధ్యలో టాబ్లెట్ మొరాయించింది.
ఎక్కడినుంచో నల్లబల్ల మోసుకొచ్చి
"మీరు లెక్కల మాస్టారే కదా సార్" అన్నారు.
మాస్టారినే. వారమంతా మడివాళలో మూడో తరగతికి తీసివేతలు,
ఆదివారం రిచ్‌మండ్ రోడ్డు హోటల్ సెల్లార్లో
పన్నెండొందలకి అవే తీసివేతలు.

ఐదొందల ఒకటితో మొదలు.
ఈ ఆటలో కూడబెట్టడం లేదు, పోగొట్టుకుంటూ పోవాలి,
సున్నాకి, సరిగ్గా సున్నాకి,
అదీ అంచు వలయంలో, చిటికెనవేలు పట్టని సందులో గుచ్చి.
ఒక్కటి ఎక్కువ పోయినా ఆ విడత చెల్లదు.
క్లాసులో అయితే పక్కింట్లో పది అప్పు తెచ్చుకోమంటాను.
ఇక్కడ పక్కిల్లు లేదు.

పూణచ్చకి ఇరవై నాలుగు. చొక్కా నిండా కంపెనీల పేర్లు.
వెంకటమునికి యాభై మూడు. జేబులో కళ్లజోడు, రైలు పాసు.
పొద్దున్నే మారికుప్పం నుంచి నిలబడే వచ్చాడు.
వాళ్ల నాన్న బంగారు గనుల క్లబ్బులో గ్లాసులు తుడిచేవాడట.
గని మూతపడ్డాక బిలియర్డ్స్ బల్ల ఎవరి లారీలోనో వెళ్లిపోతే
గుండ్రటి బోర్డు నలభై రూపాయలకి వీళ్లింటికొచ్చింది.
ఇంట్లో ఎటు కొలిచినా
ఏడడుగుల తొమ్మిదింపావు అంగుళాలు దొరకలేదు.
తలుపు బార్లా తీసి, వీధిలో నిలబడి, లోపలికి విసిరేవాడు.
"వానొస్తే ఆట ల్యాదు సార్" అన్నాడు టీ దగ్గర,
అచ్చం మా చింతామణి వైపు తెలుగులో.

ఐదు - ఐదు. ఆఖరి లెగ్గు.
అతనికి ముప్పై రెండు మిగిలింది.
తెలిసినవాళ్లకి తియ్యటి అంకె అది.
తప్పినా సగం ఉంటుంది, మళ్లీ తప్పినా అందులో సగం.
మొదటిది వలయానికి వెంట్రుకవాసి లోపల. పదహారు.
మళ్లీ లోపలే. ఎనిమిది.
మళ్లీ.
నాలుగు అని రాస్తుంటే చాక్‌పీస్ కీచుమన్నది హాలంతా వినబడింది.
పూణచ్చకి నలభై కావాలి. మూడూ తీగ బయటే పడ్డాయి.
ఎవరో ఈల వేయబోయి మింగేశారు.

వెంకటముని గీత దగ్గరికొచ్చి
బోర్డుని వదిలేసి నన్ను చూశాడు.
"ఎంతుండాది సార్?"
నూటయాభై మంది కన్నడ, ఇంగ్లిషు, తమిళాల మధ్య
నా ఒక్కడికే వేసిన ప్రశ్న.
ఎంత మిగిలిందో మార్కరు చెప్పొచ్చు.
ఎక్కడ వేయాలో చెప్పకూడదు.
కళ్లతో చెప్పకూడదని రూల్లో లేదు గానీ
నేను నా వేళ్లకంటిన సుద్దని చూసుకుంటూ
"నాలుగు" అన్నాను.

రెండు.
తర్వాత, ఒకటి.
ఒకటి మిగిలితే ఇక తీసే దారి లేదు,
సగం లేని అంకె.
"బస్ట్!" అని మైకులో కేక.
ఒకటి చెరిపి, రెండు చెరిపి, నాలుగు మళ్లీ రాశాను.
మూడో బాణం అతని వేళ్ల మధ్యే ఉంది.
వేయడానికి వీల్లేదు.
దించడానికి చెయ్యి ఒప్పుకోవడం లేదు.
అలా ఎంతసేపున్నాడో, నేనైతే లెక్కపెట్టలేదు.
పూణచ్చకి ఒక్కటి చాలింది.

ఆరు - ఐదు.
పిల్లవాడు మంచివాడు, ముందు వచ్చి పెద్దాయన్ని కావలించుకున్నాడు.
ఆ తర్వాతే తలుపంత అట్టచెక్కు, ఫొటోలు, రంగుకాగితాలు.
రెండో బహుమతి కవరులో పెట్టి ఇస్తారు.
ఫొటోకి పిలిచేసరికి వెంకటముని మెట్లెక్కేశాడు,
పైన ఎవరిదో రిసెప్షను, డప్పుల మధ్య నుంచి.

రిజల్టు షీటు నింపాను. పేరు ఇంగ్లిషులో వాళ్లు తప్పు కొట్టారు,
దిద్దించాను. అదొక్కటీ నా చేతిలో పని.
వేయని బాణానికి గడి లేదు.
బల్ల తుడిచాను. రెండుసార్లు నొక్కి రాసిన చోట
తడిగుడ్డకి కూడా నాలుగు పూర్తిగా పోలేదు.

కంటోన్మెంటులో ఆఖరి బండి.
అందే ఉంటుంది.
బయట వాన పట్టుకుంది.