తెలియకపోతే వద్దను

నీలం తెర మీద బూడిదరంగు పెట్టె.
పెట్టెలో ప్రశ్నలు, ప్రశ్నల కింద పిల్ల ప్రశ్నలు.
కరాకోల్‌లో రాత్రి పదకొండు. హీటరు మీద నా మేజోళ్ళు ఆరుతున్నాయి.
సగం ప్రశ్నల చివర
ఎవరో ఓపిగ్గా రాసిపెట్టిన ఒకటే సలహా:
తెలియకపోతే వద్దను.

పైన, హిమానీనదం కరిగి నిలిచిన చెరువు గట్టున,
రాళ్ళకి బోల్టులతో బిగించిన ఇనప డబ్బా.
అందులో ఒక పాత మిప్స్ ప్రాసెసరు,
ముప్పై రెండు మెగాబైట్ల జ్ఞాపకం,
లారీ బ్యాటరీ, తలుపంత సోలార్ పలక.
నీళ్ళు గీత దాటితే
దిగువ మేతభూముల్లో గుడారాలన్నిటికీ వినపడేట్టు
సైరన్ కూయాలి. అంతే దాని ఉద్యోగం.

పాత కెర్నల్‌కి వయసైపోయింది. కొత్తది నేను కట్టాలి.
నా లాప్‌టాప్‌ది వేరే వంశం.
అయినా దానిచేతే రాయిస్తున్నాను,
దానికి ఒక్క ముక్క అర్థంకాని భాషలో.

ముందు వంశం అడిగింది, చెప్పాను.
అంకెని ఏ కొస నుంచి చదవాలంది,
పెద్ద కొసా, చిన్న కొసా?
అంకెలది ఎడమ నడక అంటారు కదా,
ఇక్కడ నడక తప్పితే
పన్నెండు సెంటీమీటర్ల నీళ్ళు
ఇరవై కోట్ల పైచిలుకవుతాయి.
దశాంశాలు చేసే అవయవం దీనికి పుట్టుకతోనే లేదు.
వేళ్ళమీద లెక్కపెట్టుకోవడం నేర్పే వరస ఒకటుంది, ఉండనీ.
సెకనుకు వెయ్యిసార్లు ఉలిక్కిపడి లేవాలా?
వంద చాలు. బ్యాటరీ జనవరి దాటాలి.

వై అంటే ఇంట్లో మనిషి.
ఎమ్ అంటే పిలిస్తే వచ్చే చుట్టం.
ఎన్ అంటే గుమ్మంలోనే దణ్ణం పెట్టి పంపెయ్యడం.
ఎన్ నొక్కడంలో ఒక మజా ఉంది, దాచను.
బ్లూటూత్, ఎన్. ప్రింటరు, ఎన్.
చూసేవాళ్ళు లేనిచోట వీడియో ఎందుకు, ఎన్.
ఇన్‌పుట్ పరికరాలట: కీబోర్డు, మౌసు, తాకే తెర.
మూడువేల ఆరువందల మీటర్ల ఎత్తున
తాకడానికి ఎవరి వేళ్ళు?
కొమ్మ మొత్తం ఎన్.
కెర్నల్‌కి నడుమొచ్చింది. మురిసిపోయి పడుకున్నాను.

బుధవారం అసాన్‌కుల్ కార్డుని టోపీ మడతలో దోపుకుని
గుర్రం ఎక్కాడు.
శుక్రవారం మధ్యాహ్నం రేడియోలో:
"పచ్చ దీపం వెలిగింది, తోల్కున్."
నా తెర మీద వరసలు బిలబిలమన్నాయి.
ప్రాసెసరు పేరు చెప్పుకుంది, జ్ఞాపకం లెక్క అప్పజెప్పింది,
నీటిమట్టం పన్నెండు.
ఒక్క ఫిర్యాదు లేదు.
పరీక్షకి సైరన్ మోగించమన్నాను.

చాలాసేపు గాలి ఒక్కటే వినపడింది.
"నొక్కావా?"
"నొక్కాను."
"గుర్రం చెవి కూడా కదపలేదమ్మాయ్."

వెతికితే దొరికింది.
సైరన్‌ని కూయించే బీపర్ ఉండేది
ఇన్‌పుట్ అనే కొమ్మకి, ఇతరములు అనే రెమ్మకి, చిట్టచివర.
అరిచేదాన్ని తీసుకెళ్ళి
వినేవాటి మధ్య కూర్చోబెట్టిందెవరో!
వాళ్ళననేం లాభం?
నేను వద్దన్నదాన్ని నేను చూడనేలేదు.
వద్దన్నది కీబోర్డుని,
తెగింది గొంతు.

"కొత్త కార్డు సయ్‌కల్‌తో పంపు," అన్నాడు అసాన్‌కుల్.
"రెండ్రోజులేగా. నేనిక్కడే పడుకుంటాను.
నీళ్ళు లేస్తే అరుస్తాను."
"అంత దూరం వినపడుతుందా?"
"తెలీదు," అన్నాడు. "అరుస్తాననే చెప్పాను."

మళ్ళీ నీలం తెర, బూడిదరంగు పెట్టె.
కొమ్మ తెరిచాను, రెమ్మ తెరిచాను.
బీపర్ వివరణ చివరిదాకా చదివాను.
దాని కింద కూడా అదే సలహా ఉందో లేదో
ఇప్పుడు గుర్తులేదు.
వై నొక్కాను.
లాప్‌టాప్ ఫ్యాను ఈల వేస్తూ పని మొదలెట్టింది.
రేడియో ఆపలేదు.
అందులో, మంచు దగ్గర, ఒక మనిషి
గొంతు సవరించుకుంటున్నాడు.