చెవిలో దూది

కాగితం మీద ముప్పై ఒక్క ప్రశ్నలు.
ఇంటికి తీసుకెళ్ళి నింపి
వచ్చే నెల తెమ్మంది ఆసుపత్రి మేడం.
మీ పాప సంతోషంగా ఉంటుందా?
ఎప్పుడూ. అప్పుడప్పుడూ. ఎన్నడూ లేదు.
మొదటి ప్రశ్నే అది. దాన్ని వదిలేసి
ఆటో కోసం నిలబడ్డచోటే మిగతావి మొదలుపెట్టాను.

నేను పరుపులు కుట్టేవాణ్ణి.
పాతగుంటూరులో మా నాన్న విల్లు పట్టి దూది ఏకాడు,
నేను మిషను పెట్టి ఏకుతున్నా.
మూడేళ్ళొచ్చినా తస్లీమా పలక్కపోతే
వీధంతా ఒకటే పరాచికం:
"దూదేకులోళ్ళ పిల్ల గదా,
చెవుల్లో దూది పెట్టుకునే పుట్టింది."
నేనూ నవ్వాను.
ఏం చెయ్యను, అన్నవాడు అప్పుడే రెండు దిండ్లు కొన్నాడు.

తర్వాత కోత, కుట్లు,
జుట్టు కింద ఒక అయస్కాంతం.
మొదటిసారి ఆన్ చేసిన రోజు
నా తాళాల గుత్తి జారి గచ్చు మీద పడితే
అదిరిపడి వాళ్ళమ్మ కొంగులో దూరి
హిచికీలు పెట్టి ఏడ్చింది.
పిల్ల ఏడుస్తుంటే మిఠాయి పంచినవాళ్ళం
ఊళ్ళో మేమే అయ్యుంటాం.

రోజూ పొద్దున్నే మౌలాబీ దాని వెనక నిలబడి
నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని
ఆ... ఊ... ఈ... మ్... ష్... స్... అంటుంది.
విన్నప్పుడల్లా ఒక చింతగింజ గిన్నెలో పడాలి.
"స్" దగ్గర గింజ ఆగిందంటే
ఆ పూట ఎవరికీ టీ గొంతు దిగదు.
బ్యాటరీయా, తీగా,
నా దూది నుసే మైకులో దూరిందా?
తీగ ఖరీదు
నాకు ఎన్ని పరుపులో వేళ్ళమీద లెక్క.

టిక్కులు పెట్టుకుంటూ పోయాను.
స్నేహితులున్నారా? ఉన్నారు.
హెప్సిబా ఒక్కతే చాలు,
"రోబో" అన్నవాడి టిఫిను డబ్బా
బడి మేడ మీద దాచొచ్చిన పిల్ల.
ఫోనులో మాట్లాడుతుందా? అప్పుడప్పుడూ.
మేనత్తతో, అదీ "తిన్నావా" వరకు.
వినడం వల్ల అలసిపోతుందా?
లేదు.
ఇంతమందిని బతిమాలి తెచ్చిన చెవికి
అలసట అని ఏ చేత్తో రాయను?

మూడొంతెనల దగ్గర ఆటో ఆగిపోయింది.
కాగితం లాక్కుని చదివింది,
నా పెన్ను తీసుకుని "లేదు" కొట్టేసి
"ఉంది" అని రాసింది.
ఏందమ్మా అన్నాను. హారన్లు.
గడ్డం పట్టి నా వైపు తిప్పుకుని మళ్ళీ అన్నాను.

"క్లాసులో నలభైమంది ఒకేసారి మాట్లాడతారు నాన్నా,
ఫ్యాను కూడా మాట్లాడుద్ది.
అంతా ఉండకట్టి వచ్చి పడుద్ది.
గింజ తీసి, నలక తీసి,
టీచరు మాట ఒక్కదాన్నే ఏకి తీసుకోవాలి.
సాయంత్రానికి నీకు భుజాలు లాగుతాయిగా,
నాకు ఇక్కడ."
నుదురు చూపించింది.

ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న పని గురించి
నాకెవరూ ఇంత సరిగ్గా చెప్పలేదు.

"మొదటిది ఖాళీ ఏం?"
నువ్వే చెప్పు, అన్నాను.
కాసేపు చూసి పెన్ను మూసేసింది.
"రోజుని బట్టి. దానికి గడి లేదు."

ఇంటికి రాగానే తీసి డబ్బాలో పెట్టేసింది, ఆరింటికే.
మామూలుగా అయితే పెట్టుకో పెట్టుకో అని
నిద్రపోయేదాకా వెంటపడతాను.
ఇవాళ అనలేదు.

కుట్టని బూరుగు దూది గుట్ట మీద
బోర్లా పడుకుని ఏదో బొమ్మ గీస్తుంది.
మిషను మోగుతుంది, దానికి లేదు.
వీధిలో పెళ్ళివాళ్ళ డీజే, దానికి లేదు.
కిటికీ రెక్కలు అదిరితే మాత్రం
గోడకి అరచెయ్యి ఆనించి
తనలో తనే నవ్వుకుంది.

అన్నానికి పిలవాలి.
నోరు తెరిచాను, మూసుకున్నాను.
చెప్పులు విడిచి
దూదిలో మోకాళ్ళదాకా దిగబడుతూ
దాని ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.