నాలుగో నంబరు బాయి

నెలకోసారి, మంగళారం నాడు
నేను బాయిల నాడి వట్టి చూసేటోణ్ణి.
అరచెయ్యంత ఇనుప మూత తీసి
సన్నటి గొట్టంల తాడు జారవిడిచి
తడి తగిలిందాక లెక్కవెట్టుడు.
పద్దెనిమిది మీటర్లకు తాడు బరువెక్కుతది.

మా దిక్కు ఏడు బోర్లేస్తే ఏడూ దుమ్మే ఊసినయి.
ఆ అప్పు తీర్చనీకె ఎడారికొచ్చిన.
ఎడారిల నా తాడుకు నీళ్ళు తాకుడు,
ఎవలికి చెప్పుకున్నా నవ్వుతరు.

బర్కా దాటినంక, రాళ్ళ వాదీ ఒడ్డున గుట్ట.
గుట్ట అని మేమంటం గని
ముప్ఫై ఏండ్ల ఇండ్ల ఊడ్పు అది.
చచ్చిన బ్యాటరీలు, సగం మిగిలిన రంగు డబ్బాలు,
పసిపిల్లల డైపర్లు, ఏసీల పేగులు,
పండుగ తెల్లారి వచ్చే మేకల తోళ్ళు,
మేం తాగి పారేసిన నీళ్ళ సీసాలు,
ఒక్కో సీసా మీద మంచుకొండ బొమ్మ.

అడుగున ఏ పరుపూ పరవలే అప్పట్ల.
ఇసుకే గదా, అన్నీ మింగుతది అనుకున్నరు.
మింగింది.
కడుపుల మాత్రం ఏదీ ఉంచుకోలే,
ఇచ్చింది ఇచ్చినట్టే కిందికి దించింది.

ఏడాదికోసారి వాన వడ్తది.
జనమంత కార్లెక్కి వాదీ పారుడు చూడవోతరు.
నేను గుట్ట దిక్కు చూస్త.
డికాషన్ లెక్క నల్లగ, చిక్కగ
అడుగు నుంచి ఊరుతుంటది.
దానికి తొందర లేదు.
రోజుకు జానెడో, అంతకన్న తక్కువో.
గేటు కాడ పాసు అడిగేటోడు లేడు.
ఖర్జూరం తోటలకు తొవ్వ దానికెరికే.

నాలుగో నంబరు బాయి
ఖల్ఫాన్ ముసలాయన తోటల ఉన్నది.
నిమ్మచెట్ల ఆకులు అంచులకు మాడినయి,
ఎవలో బీడి అంటించి ఆర్పినట్టు.
సీసా నింపి, చీటి అతికి, ఐసు డబ్బాల వెడ్తుంటే
ఆయన చాప పరిచి కహ్వా పోసిండు.
ఆ నీళ్ళు యాడివో నాకెరికే.
కాయితం మీది అంకె గూడ ఎరికే.
పోయిన నెల మొఫజ్జల్ చూపెట్టిండు,
వాని వేలు ఎర్రగీత కాడ ఆగింది.
బయట చెప్పొద్దన్నరు.
ఎవలన్నరో అడగకుండ్రి.

నాకొచ్చిన అరబ్బీ రెండు గుప్పిళ్ళు.
అండ్ల దేవులాడి దేవులాడి అన్న:
"మాయ్... మా జైన్."
నీళ్ళు... మంచిగ లేవు.

ముసలాయన నవ్వలే, కోపం జెయ్యలే.
తొట్టి దిక్కు చెయ్యి చూపిండు.
మేక మూతి వెట్టి, వాసన జూసి,
తల తిప్పుకొని ఎండల నిలవడ్డది.
అది ఎప్పుడో చెప్పింది, అన్నట్టు
రెండు వేళ్ళు లేపిండు.
రెండేండ్లు.

ఆయన తాగిండు, అలవాటు వడ్డ మందు లెక్క.

ఖాళీ గిన్నె ఊపితే చాలని ఇక్కడి మర్యాద.
నేను నిండు గిన్నె ఊపిన.
చాప దాటి నాలుగు చుక్కలు వడ్డయి.
కింద ఇసుక
చప్పుడు జెయ్యకుంట తాగింది.