ఎడమది నా దగ్గర

షోకేసు తలుపు బిగించను వచ్చిన వడ్రంగి పిల్లోడు
అద్దం మీద చెయ్యి పెట్టి అడిగినాడు:
"ఏంది మేడం, చెప్పుని దేవుడి పక్కన పెట్టుకున్నారు?"

దేవుడంటే దేవుడేలే.
ఇరవై అయిదేళ్ల సర్వీసుకి
కావలి డిపోలో ఇచ్చిన వెంకన్న,
ప్లాస్టిక్‌ది, లోపలి బల్బు మాడిపోయుండాది.
చెప్పు మాత్రం తోలుదబ్బాయా.

తొంభై ఏడు. మొహర్రం నెల. నెల్లూరు.
స్వర్ణాల చెరువులో మోకాళ్ల లోతున నిలబడి
ఉద్యోగం రొట్టె, ఉద్యోగం రొట్టె అని
నేను అరుస్తావుంటే
ముప్పై ఒకటి దాటిన నా మొహం చూసి
పెళ్లి రొట్టె తీసుకోమని ముగ్గురొచ్చినారు.
"ముందు కూడు తల్లీ, తర్వాతే తోడు" అన్నా.
పక్కన బురఖాలోంచి ఒక నవ్వు,
నీళ్లు చిందేంత నవ్వు.
జుబేదా. అంగన్‌వాడీలో కుదిరి
పోయినేటి మొక్కు తీర్చుకోను వచ్చుండాది.
రొట్టె తుంచి నా కొంగులో పెట్టింది.
బెల్లం ఎక్కువయింది.

గట్టెక్కి చూస్తే నాకు ఎడమ చెప్పు లేదు.
ఆమెకి కుడిది లేదు.
ఆ తొక్కిడిలో ఏ ఊరి కాళ్లతో పోయినాయో!
మిగిలినవి పక్కపక్కన పెడితే ఒక జత:
ఒకటి నల్లది, ఒకటి ఎర్రది, ఒక వేలు తేడా.
నువ్వేసుకో అంటే నువ్వేసుకో అని
దర్గా ముందర పావుగంట కొట్లాట.
ఆఖరికి ఇద్దరం వట్టికాళ్లతో
బస్టాండు దాకా కాలే తారు మీద ఎగురుకుంటా.
బస్సు కదిలేటప్పుడు నా కుడిది లాక్కుని
తన ఎడమది కిటికీలోంచి
నా ఒళ్లోకి విసిరింది.

ఆర్నెల్లకి కండక్టరు ఉద్యోగం వచ్చింది.
రొట్టె వల్లనో, చెప్పు వల్లనో.

"ఈ పలకేంది?"
అది తిరుపాలు.
మార్కాపురం సర్వీసు; ఆయన స్టీరింగు, నేను సంచి.
కనిగిరిలో బజ్జీలు, పొదిలిలో టీలు,
చిల్లర లేదు చిల్లర లేదని
పదిహేడు రూపాయలు బాకీ.
బదిలీ అయిపోతా వాళ్లూరి పలకొకటి తెచ్చి
బలపంతో 17 వేసి ఇచ్చినాడు.
తీర్చెయ్యొచ్చు కదయ్యా అంటే
"తీరిస్తే నువ్వు ఫోను చెయ్యవు" అన్నాడు.
ఏడాదికోసారి వచ్చి, ఉమ్మి తుడిచి,
మళ్లీ దిద్దిపోయేవాడు.
పోయిన చవితికి కొడుకు పట్టుకొచ్చినాడు.
నా పేరు అందలేదు ఆయనకి.
నన్నే చూస్తా, చూస్తా,
"రైట్ చెప్పమ్మా, పోదాం" అన్నాడు.
పలక ఒళ్లో పెట్టుకుని చానా సేపు ఆలోచించి
71 అని రాసినాడు.
కొడుకు సరిచెయ్యబోతే చెయ్యి పట్టుకున్నా.
ఇన్నేళ్ల వడ్డీ నాయనా, ఉండనీ.

ఈ సోడా గోళీ ఎవరిదో నాకే తెలవదు.
సింగరాయకొండో, ఉలవపాడో.
అరచేతిలో పెట్టి, వేళ్లు మూసి, దాచుకో అన్నారెవరో.
ఆ వేళ్ల తడి గుర్తుంది.
మొహం రావడం లేదు.
అందుకే దాన్ని అన్నిటికన్నా ముందర పెట్టినా.

పిల్లోడు ఇంతా వినలేదులే,
పలక దగ్గరే వాడి ఫోను మోగింది.
స్క్రూ బిగించి, నూట యాభై తీసుకుని పోయినాడు.

సాయంత్రం జుబేదా.
"మే, వాన తెరిపిచ్చిందని నీ చెప్పు ఎండకేసినా.
వారు తెగేట్టుండాది. కుట్టించేదా?"
వద్దు, అట్టే ఉండనీ.
"నాది ఎట్టుంది?"
చూసి చెప్తానుండమని తలుపు తీసినా.
కొత్త స్క్రూ, కిర్రుమనలేదు.
యాభై తొమ్మిదేళ్ల కాలు అందులో పెట్టి చూసుకున్నా.
ఇంకా ఒక వేలు పెద్దదే.